కదిలితే డీజిలు, ఆగితే అద్దె

నెలకెంత అవుతుందని అడుగుతున్నారు
నిన్న పొద్దుగూకాక పక్కన వచ్చి ఆగిన కుర్ర జంట.
వాళ్ల వ్యాను ఇంకా షోరూము వాసన వదల్లేదు.
కుర్రాడి చేతిలో చీటీ, పెన్సిలు.
ఒక్క అంకె చెబితే రాసుకుపోదామని.

కూర్చోండి. ఆ మడత కుర్చీకి కుడికాలు విరిగింది,
కాస్త ఎడమకి ఒరిగి కూర్చోవాలి.
ఇల్లు కట్టి చూడమంటారు గానీ
ఇంటికి చక్రాలు కట్టి చూడండి, అప్పుడు తెలుస్తుంది.

ఇదిగో నా పుస్తకం, పదకొండేళ్లది.
నెబ్రాస్కాలో స్కూలు బస్సు తోలిన చెయ్యి,
మైలు మైలుకీ రాయకపోతే నిద్రపట్టదు.
జనవరి. ఈ అరిజోనా ఇసుకలో అంగుళం కదల్లేదు.
డీజిలు పదకొండు డాలర్లు, అదీ జనరేటరు తాగింది.
మురుగు వదిలి మంచినీళ్లు నింపుకున్నందుకు ఇరవై.
జూన్. మోంటానా దాకా పోయాను.
డీజిలు ఏడువందల ముప్పై.
పక్కన చిన్నక్షరాలతో ‘ఎదురుగాలి’ అని ఉంది, చూశారా?
గాలికి కూడా డబ్బు కట్టాలని
బండి అమ్మినవాడు చెప్పడు.

కదిలితే డీజిలు, ఆగితే అద్దె.
రెండూ వద్దంటే ఇదిగో, ఇలా
కరెంటు తీగ లేనిచోట
పగటి ఎండని పలకల మీద పట్టి
రాత్రి దీపానికి దాచుకోవడమే.

ఊరు లేని మనిషికీ ఊరిపేరు కావాలి.
నెలకు పదిహేను డాలర్లకి
సౌత్ డకోటాలో ఒక తపాలా పెట్టె నా ఇల్లు.
ఆ ఊళ్లో నేను నిద్రపోయింది ఒక్క రాత్రి.
ఓటు మాత్రం అక్కడే.

ఆగస్టు తిప్పెయ్యండి.
ఆగస్టులో టైరు పేలింది,
ఒకటి పోతే నాలుగూ పోయినట్టే అన్నాడు మెకానిక్కు.
ఆ నెలంతా డబ్బా చిక్కుళ్లే తిన్నాం.

ఆ పిల్ల, టాంసిన్ అట పేరు,
గ్యాసు వరస మీద వేలు పెట్టి ఆపింది.
ఇక్కడిదాకా బండ తొమ్మిది రోజులొచ్చింది,
ఇక్కడినుంచి పద్నాలుగు.
ఏం చేశారు, పొయ్యి మార్చారా?
పొయ్యి అదే.
ఆర్విల్‌కి చలెక్కువ.

ఇంకేమీ అడగలేదు, మంచి పిల్ల.
లాండ్రీ వరస కూడా చూసే ఉంటుంది,
రెండు మెషీన్లు ఒకటయిన వారం అదే.
చిల్లర నాణేల కాఫీ డబ్బా
ఇప్పుడు నిండుతుంది గానీ ఖాళీ అవదు.

కుర్రాడు మాత్రం లెక్కల మనిషి.
ఈ తొంభై నాలుగు ఏంటండీ, ప్రతి నెలా ఉంది?
గ్రాండ్ ఐలండ్‌లో ఇనప షట్టరు గది.
అందులో ఒక భోజనాల బల్ల, ఆరు కుర్చీలు,
కర్ర చెక్కే లేతు మెషీను,
దాని చుట్టూ ఊడవని పొట్టు.
వాడు మనసులో గుణించుకోవడం నాకు కనిపిస్తోంది.
నేనే చెప్పాను:
పన్నెండువేల నాలుగొందల ఎనిమిది.
బస్సు తోలినదాన్నే గానీ కూడికలు వచ్చు.
ప్రతి డిసెంబరులోనూ ఖాళీ చేయిస్తానని రాస్తాను,
జనవరి ఒకటిన చెక్కు రాస్తాను.

అయితే నెలకెంతనుకోమంటారు?

రెండువేల వంద అని రాసుకో.
పెన్సిలుతోనే రాయి.
పళ్లు నొప్పెట్టకపోతే, వాన పైకప్పులోంచి కారకపోతే,
మనవరాలి డిగ్రీకి కాన్సస్ దాకా పోకపోతే.
పోతాం, ఎలాగూ పోతాం.

చీకటి పడుతోంది, వెళ్లండి.
ముందు ఆ పందిరి గుడ్డ చుట్టెయ్యండి,
ఇక్కడ గాలి చెప్పి రాదు.
చిరిగితే తొమ్మిది వందలు.
నమ్మకపోతే మార్చి నెల చూడండి.